లోకల్ ఛానల్ లైసెన్స్ మా బావ పేరు మీద ఉంది. మరి ఛానల్ ఎవరిది?

మౌలాలి వాసి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2009లో నేను, మా బావ (మా అక్క భర్త), నా స్నేహితుడు ఒకడు కలిసి మౌలాలిలో లోకల్ ఛానల్ పెట్టాం. కిరాణా షాపు పైన చిన్న గది. ఒక కంప్యూటర్, ఒక మాడ్యులేటర్ (మన వీడియోని కేబుల్‌లోకి ఎక్కించే పెట్టె), ఒక హ్యాండీక్యామ్. బోనాలు, వినాయక నిమజ్జనం, స్కూళ్ల వార్షికోత్సవాలు తీసి వేసేవాళ్లం. కింద స్క్రోలింగ్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు, సంతాపాలు, నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ టైమింగ్స్. మొదట్లో సొంతంగా కొన్ని కేబుల్ కనెక్షన్లు కూడా ఉండేవి, తర్వాత అమ్మేశాం. ముగ్గురం తలా లక్షన్నర పెట్టాం. ఇంట్లో మనుషులమే కదా అని రాతకోతలు ఏమీ పెట్టుకోలేదు.

హెడ్ పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్‌కి బావ పేరు ఇచ్చాం. ఆయన దగ్గర అడ్రస్ ప్రూఫ్ ఉంది, నా దగ్గర లేదు, అంతకు మించి కారణం లేదు. ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి గోడకి మేకు కొట్టి తగిలించింది నేనే.

పోయిన నెల గది తాళం మార్చేశారు. "లైసెన్స్ నా పేరు మీద ఉంది, ఛానల్ నాది, మీరిద్దరూ నా దగ్గర పనిచేశారు, అంతే" అంటున్నారు. మా ఫీడ్ తీసుకునే ఎంఎస్‌వో (కేబుల్ ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థ) వాళ్లని అడిగితే, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లతోనే మాట్లాడతాం అన్నారు. అక్క నా ఫోన్ ఎత్తడం మానేసింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ లైసెన్స్‌లో నా పేరు ఎక్కించుకోవచ్చా? లేదంటే అదే పేరుతో ఇంకో ఎంఎస్‌వో దగ్గర నేను మొదలుపెట్టవచ్చా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

నాచారం:

మా ఫ్రెండ్‌కీ ఇలాగే అయింది అన్నా. స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టు, తాళం అదే తెరుచుకుంటుంది.

పాత ఆపరేటర్:

తమ్ముడూ, స్టేషన్ సంగతి కాసేపు పక్కన పెట్టు. నేను 1996 నుంచి 2014 దాకా కేబుల్ నడిపినవాణ్ని. ఇలాంటి తగాదాలు నా కళ్లముందు చాలా జరిగాయి. దాదాపు అన్నింట్లోనూ కొట్టుకున్నది ఛానల్‌కి సంబంధం లేని కాగితం కోసం.

మీరంతా ఛానల్ లైసెన్స్ అంటున్నది ఛానల్‌ది కాదు. హెడ్ పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి తీసుకున్నది కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం సెక్షన్ 3 ప్రకారం వైరు లాగి ఇళ్లకి కనెక్షన్ ఇచ్చేవాడు ఆ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఫలానా ఛానల్ ఫలానావారి సొత్తు అని ఆ కాగితం ఎక్కడా చెప్పదు. ఒక ఏరియాలో ఒక్కడికే ఇచ్చేది కూడా కాదు. బావకి ఉన్నంత మాత్రాన నీకు ఇవ్వం అని ఎవరూ అనరు. కాబట్టి అందులో నీ పేరు ఎక్కించడం కోసం నువ్వు తిరగాల్సిన అవసరమే లేదు. కావాలంటే నీ పాన్, ఆధార్‌తో నీదే కొత్తది తీసుకోవచ్చు. 2025 జనవరి 17 నుంచి పోస్టాఫీసు పద్ధతి పోయింది. బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి, ఫీజు 5,000 రూపాయలు, ఐదేళ్లు చెల్లుతుంది. పాత సర్టిఫికెట్లు వాటి గడువు తీరేదాకా చెల్లుతాయి. గోడ మీది ఆ లామినేషన్ ఫోటో నీ ఫోన్‌లో ఉంటే పెద్దది చేసి పోస్టల్ ముద్ర మీద తేదీ చూడు. మా రోజుల్లో అది పన్నెండు నెలలకే ఇచ్చేవాళ్లు, ఏటా వెళ్లి రెన్యువల్ చేయించుకునేవాళ్లం. మీ బావ దాన్ని చివరిసారి ఎప్పుడు రెన్యువల్ చేయించారో ముందు తెలుసుకో.

ఇక ఛానల్ సంగతి. 2009లో మీ మాడ్యులేటర్‌తో మీరే సిగ్నల్ కలిపేవాళ్లు. ఖాళీ ఫ్రీక్వెన్సీలో మీ బొమ్మ ఎక్కిస్తే వీధి వీధంతా కనిపించేది. తర్వాత కేబుల్‌ని దశలవారీగా డిజిటల్‌కి మార్చారు. హైదరాబాద్ రెండో దశలో ఉంది, 2013 మార్చి 31 గడువు. ఆ తర్వాత సిగ్నల్ ఎంఎస్‌వో హెడ్‌ఎండ్‌లోనే (ఛానళ్లన్నీ కలిపి పంపే కేంద్రంలోనే) ఎన్‌క్రిప్ట్ అయి, అంటే లాక్ అయి వస్తుంది, మధ్యలో మనం ఏమీ కలపలేం. ఆ మార్చిలో నా మాడ్యులేటర్ల వైర్లు ఒక్కొక్కటీ పీకి అట్టపెట్టెలో సర్దుకున్నాను. పదిహేడేళ్ల పని ఒక్క పెట్టెలో పట్టేసింది, ఆ రోజు అన్నం సహించలేదు.

అంటే మీ ఛానల్ ఇప్పుడు చట్టం దృష్టిలో ఎంఎస్‌వో వాళ్ల ప్లాట్‌ఫామ్ సర్వీస్, అంటే ఎంఎస్‌వో తన కేబుల్‌లో మాత్రమే వేసుకునే సొంత ఛానల్. 2022 నవంబర్ 30న సమాచార ప్రసార శాఖ దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి ఒక్కో ఛానల్‌నీ 1,000 రూపాయల చొప్పున కట్టి ఎంఎస్‌వోనే రిజిస్టర్ చేయించాలి. స్క్రీన్ మీద ప్లాట్‌ఫామ్ సర్వీస్ అని కనపడాలి, 90 రోజుల రికార్డింగ్ దాచాలి. స్థానిక వార్తలు వేయాలంటే ఆ ఎంఎస్‌వో కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఈ రోజు మీ ఛానల్‌కి లైసెన్స్ లాంటిది ఏదైనా ఉందంటే అది ఎంఎస్‌వో పేరు మీద ఉంది. మీ బావ పేరు మీదా లేదు, నీ పేరు మీదా లేదు. వాళ్లు "లైసెన్స్ ఉన్నవాళ్లతోనే మాట్లాడతాం" అన్నారంటే తెలియకైనా అని ఉండాలి, నిన్ను వదిలించుకోవడానికైనా అని ఉండాలి. రాతపూర్వకంగా అడుగు: ఈ ప్లాట్‌ఫామ్ సర్వీస్ ఏ పేరుతో రిజిస్టర్ అయింది, దానికి ప్రోగ్రాములు ఇచ్చేది ఎవరని మీ ఒప్పందంలో ఉంది అని.

ఈసీఐఎల్:

బావ రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉంటే కలెక్టర్‌కి కంప్లైంట్ ఇస్తే సరిపోతుంది కదా? దారికొస్తారు.

పాత ఆపరేటర్:

వద్దమ్మా. కలెక్టర్, ఆర్డీవో, పోలీస్ కమిషనర్ ఈ చట్టం కింద అధీకృత అధికారులు. రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుతున్నారని నమ్మితే సెక్షన్ 11 కింద సామాను సీజ్ చేయవచ్చు. జిల్లా జడ్జి అనుమతి లేకుండా పది రోజులకు మించి ఉంచుకోకూడదు, నిజమే. కానీ ఆ గదిలో ఉన్న ఎన్‌కోడర్‌లో, కంప్యూటర్‌లో ఈ తమ్ముడి లక్షన్నర కూడా ఉంది. బావ మీద కోపంతో తన సామాను తానే పట్టించుకున్నట్టు అవుతుంది.

తార్నాక:

ఈ గొడవంతా ఎందుకు సార్, ముగ్గురూ విడిపోయి మీరే ఒక శాటిలైట్ ఛానల్ లైసెన్స్ తీసుకోండి. అప్పుడు ఎవడూ అడగడు.

పాత ఆపరేటర్:

2022 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం వార్తల ఛానల్‌కి కంపెనీ నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 20 కోట్లు ఉండాలి, వార్తలు లేని ఛానల్‌కైనా 5 కోట్లు. ఫీజులు, బ్యాంక్ గ్యారంటీ వేరే. స్క్రోలింగ్ యాడ్స్ మీద బతికే ఛానల్‌కి ఆ దారి లేదు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. ప్రజల ఆస్తే, కానీ మౌలాలి లాంటి ఏరియా జనానికి దాంట్లో చోటు దొరకాలంటే 5 కోట్లు చూపించాలి. ఇన్నేళ్లుగా నన్ను బాధించేది ఇదే.

మౌలాలి వాసి:

అన్నా, చాలా థాంక్స్. ఇన్నేళ్లూ ఆ గోడ మీది కాగితమే ఛానల్ అనుకున్నాను. మరి అదే పేరుతో ఇంకో ఎంఎస్‌వో దగ్గర పెట్టడం సంగతి? మా ఛానల్ పేరు, లోగో నేనే డిజైన్ చేశాను.

పాత ఆపరేటర్:

పాత ఎంఎస్‌వోలో నడుస్తున్న ప్రోగ్రాములే ఇంకో దాంట్లో వేయకూడదు. ప్లాట్‌ఫామ్ సర్వీస్ కంటెంట్ ఆ ఒక్క ప్లాట్‌ఫామ్‌కే పరిమితం కావాలి, నేరుగా గానీ చాటుగా గానీ ఇంకొకరితో పంచుకోకూడదు అని ఆ ప్లాట్‌ఫామ్ సర్వీస్ మార్గదర్శకాల్లోనే ఉంది. గుళ్ల నుంచి లైవ్ లాంటివాటికే మినహాయింపు. పేరు, లోగో సంగతి లాయర్లే చెప్పాలి.

అడ్వకేట్, సికింద్రాబాద్:

ఆలస్యంగా చూశాను. పాత ఆపరేటర్ గారు లైసెన్స్ చిక్కు విప్పేశారు. మిగిలింది అసలు తగాదా. అది భాగస్వామ్యం గురించి.

తమ్ముడూ, కాగితం లేకపోయినా ముగ్గురూ డబ్బు పెట్టి, కలిసి నడిపి, లాభం పంచుకున్నారంటే 1932 భాగస్వామ్య చట్టం కింద మీది ఫర్మే. నోటిమాటతో కూడా ఫర్మ్ ఏర్పడుతుంది. వాటాలు రాసుకోకపోతే లాభనష్టాలు సమానం. ఫర్మ్ డబ్బుతో కొన్నది ఎవరి పేరు మీద ఉన్నా ఫర్మ్ ఆస్తే, వేరే ఉద్దేశం ఉందని రుజువైతే తప్ప. ఇది సెక్షన్ 14. ఛానల్‌కి ఉన్న గుడ్‌విల్ (జనంలో సంపాదించుకున్న పేరు విలువ) కూడా లెక్కలోకి వస్తుంది. "నా దగ్గర పనిచేశారు" అంటే ఆయన జీతం ఇచ్చినట్టు చూపించాలి. మీరు లాభం పంచుకున్నట్టు చూపించాలి. ఎవరు చూపించగలిగితే కేసు వాళ్ల వైపు మొగ్గుతుంది.

ఇబ్బంది ఒకటుంది. ఫర్మ్ రిజిస్టర్ కాలేదు. సెక్షన్ 69 ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్‌లో భాగస్వామి, ఒప్పందం కింద తన హక్కు అమలు చేయమని ఇంకో భాగస్వామి మీద దావా వేయలేడు. ఇప్పుడు రిజిస్టర్ చేయిద్దామన్నా భాగస్వాములందరూ సంతకం పెట్టాలి, మీ బావ పెట్టరు. కానీ అదే సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది: ఫర్మ్ రద్దు కోసం, రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం, దాని ఆస్తిలో వాటా కోసం దావా వేయవచ్చు. గడువు పెట్టుకోని ఫర్మ్‌ని భాగస్వాములిద్దరికీ రాతపూర్వక నోటీసు ఇచ్చి రద్దు చేయవచ్చు, సెక్షన్ 43. రద్దయ్యాక వ్యవహారాలన్నీ తేలేదాకా ఫర్మ్ పేరుతో అదే వ్యాపారం చేయకుండా, ఫర్మ్ సామాను సొంతానికి వాడుకోకుండా ఆయన్ని ఆపమని సెక్షన్ 53 కింద అడగవచ్చు. మీకు నిజంగా పనికొచ్చేది ఇది. లెక్కల దావాకి రద్దయిన రోజు నుంచి మూడేళ్లు గడువు.

అయితే ఆ నోటీసు తొందరపడి పంపకండి. సెక్షన్ 53 మీకూ వర్తిస్తుంది. అదే పేరుతో మీరు వేరేచోట మొదలుపెడితే ఆయనా మిమ్మల్ని ఆపగలరు. పైగా రద్దు అంటే మీ చేతులతో పెట్టిన ఛానల్‌ని మీరే మూయడం. ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లండి. విలువ 3 లక్షలు దాటిన భాగస్వామ్య తగాదా వాణిజ్య కేసు అవుతుంది. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే దావాకి ముందు మధ్యవర్తిత్వం ఎలాగూ తప్పనిసరి, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా జరుగుతుంది.

పేరు, లోగో గురించి ఈ రాత్రే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ చేయండి. 38, 41 క్లాసుల్లో (ప్రసారాలు, వినోద కార్యక్రమాలకి సంబంధించినవి) చూడండి. మీ బావ సొంత పేరు మీద అప్లై చేసి ఉంటే, అది ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయిన నాలుగు నెలల్లోపు అభ్యంతరం వేయాలి. ఆ గడువు దాటితే పని చాలా పెరుగుతుంది. పాత ఫుటేజీకి కాపీరైట్ ఎవరిదన్నది, చొరవ తీసుకుని బాధ్యతగా తీయించింది ఎవరన్న దాన్నిబట్టి ఉంటుంది. క్యాసెట్లు, హార్డ్‌డిస్కులు మీ దగ్గర ఏమున్నా జాగ్రత్త చేయండి.

చీటింగ్ కేసు నాకు నచ్చలేదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. పదిహేనేళ్లు కలిసి నడిపాక అది నిలవడం కష్టం. స్టేషన్ మెట్లు ఎక్కాక అక్కతో మాట కలవడం ఇంకా కష్టం.

మౌలాలి వాసి:

మేడమ్ గారూ, రాత్రి మీరు చెప్పిన సెర్చ్ చేశాను. మా పేరు మీద ఎవరూ అప్లై చేయలేదు. పొద్దున్న అమ్మ ట్రంకుపెట్టెలో వెతికితే పాత చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్స్ దొరికాయి. మాడ్యులేటర్ కొన్నప్పటిది నా అకౌంట్ చెక్కే. 2016 నుంచి ప్రతి నెలా యాడ్స్ డబ్బు ముగ్గురికీ ఎంతెంత వచ్చిందో బావే వాట్సాప్‌లో లెక్క పెట్టేవారు, ఆ మెసేజ్‌లు ఇంకా ఉన్నాయి. ఫోన్ పాతదైపోయింది, ఈ వారం మార్చేద్దామనుకుంటున్నాను.

అడ్వకేట్, సికింద్రాబాద్:

ఫోన్ మార్చకండి. దాన్ని అలాగే ఉంచండి, చాట్ ఒక్క మెసేజ్ కూడా డిలీట్ కాకూడదు. స్క్రీన్‌షాట్లు మాత్రమే చాలవు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది నేను చూస్తాను. "ముగ్గురికీ" అని ఆయన చేత్తో రాసిన ఆ మెసేజ్ గోడ మీది సర్టిఫికెట్ కన్నా బలమైనది. కౌంటర్‌ఫాయిల్స్ జిరాక్స్ తీయించి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచి నా దగ్గరికి రండి.

మౌలాలి వాసి:

అలాగే మేడమ్. ముందు అక్క దగ్గరికి వెళ్లి, నోటీసు ఏమీ పంపలేదు, కూర్చుని మాట్లాడదాం అని చెప్పి వస్తాను. ఎంఎస్‌వోకి రాసే లెటర్ డ్రాఫ్ట్ సాయంత్రం ఇక్కడే పెడతాను. అన్నా, మీరూ ఒకసారి చూడండి.