పొర లేని ఆర్‌ఎన్‌ఏ–ప్రోటీన్ కణికలు: వాటిని నిలిపి ఉంచేది ఏది, వాటి వల్ల కణానికి ఏం ఒరుగుతుంది?

ప్రశ్న (ఎం.ఎస్‌సీ. విద్యార్థిని, బెంగళూరు):

నమస్కారం. నాది అనంతపురం, బెంగళూరులో అణు జీవశాస్త్రం చదువుతున్నాను. రైబోజోము (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఎలా కూడుతుందో నాకు అర్థమవుతోంది. బ్యాక్టీరియా రైబోజోములోని చిన్న భాగంలో ఒక 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ, 21 ప్రోటీన్లు ఉంటాయి, ఒక్కొక్కదానికి తన చోటు ఉంటుంది. 1968లో శాస్త్రవేత్త నొమురా ప్రయోగశాలలో ఆ ఆర్‌ఎన్‌ఏను, ప్రోటీన్లను వేరుచేసి పరీక్షనాళికలో మళ్ళీ కలిపితే పనిచేసే భాగమే తయారయింది. ఒత్తిడికి లోనైన కణంలో ఏర్పడే ఆర్‌ఎన్‌ఏ–ప్రోటీన్ కణికలైన స్ట్రెస్ గ్రాన్యూల్స్ విషయానికి వస్తే ఈ లెక్క ఏదీ పొసగడం లేదు. చుట్టూ పొర లేదు, ఇన్ని అణువులే ఉండాలన్న నియమం లేదు, కణం ఒత్తిడికి గురైన కొద్ది నిమిషాల్లో ఏర్పడి, ఒత్తిడి తగ్గాక కరిగిపోతాయి. చారు మీద తాలింపు నూనె చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లే ఇవీ కలుస్తాయని తరగతిలో విన్నాను. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుంది? ఇందులో ఆర్‌ఎన్‌ఏ కేవలం చిక్కుకున్న సరుకా, లేక కట్టడానికి ఆధారమా? ఈ కణికలు లేకపోతే కణం కోల్పోయేది ఏమిటి?

జవాబు 1 (ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థి, బెంగళూరు):

పోలిక కణికల ఆకారం, కదలికల వరకు నిలుస్తుందండి. 2009లో బ్రాంగ్విన్, హైమన్ తదితర శాస్త్రవేత్తలు సి. ఎలిగాన్స్ అనే పురుగు పిండంలోని పి గ్రాన్యూల్స్ (ఇవీ పొర లేని ఆర్‌ఎన్‌ఏ–ప్రోటీన్ కణికలే) ద్రవబిందువుల్లా ఒకదానిలో ఒకటి కలుస్తాయనీ, కేంద్రకం ఉపరితలం మీద జారుతాయనీ చూపారు. అయితే నూనె చుక్కలో లేనిది ఇక్కడ ఒకటుంది, అది లోపలి వల. ఒక పొడవాటి ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) మీద ప్రోటీన్లు పట్టుకోవడానికి అనేక చోట్లు ఉంటాయి, ఆ ప్రోటీన్లు మళ్ళీ ఒకదానినొకటి, వేరే ఆర్‌ఎన్‌ఏలను కూడా పట్టుకుంటాయి. ఒక్కొక్క బంధం బలహీనమైనదే అయినా, అవి అనేకం కావడం వల్ల గుంపు నిలుస్తుంది, బలహీనమైనవి కావడం వల్ల లోపలి అణువులు వస్తూ పోతూ ఉంటాయి.

ఈ రాకపోకలను సూక్ష్మదర్శినిలో స్వయంగా చూడవచ్చు. ఈ కణికలు కట్టడంలో ముఖ్యమైన జీ3బీపీ1 ప్రోటీన్‌కు ఆకుపచ్చగా వెలిగే గుర్తు తగిలించి, కణాలను ఒత్తిడికి గురిచేసే సోడియం ఆర్సెనైట్ ఇచ్చి, ఏర్పడిన ఒక కణిక మీద లేజరు పడేస్తే అక్కడ వెలుగు ఆరిపోతుంది. కొన్ని సెకన్లలోనే చుట్టుపక్కల నుంచి కొత్త అణువులు చేరి, ఆ మచ్చ మళ్ళీ వెలుగుతుంది.

ఆర్‌ఎన్‌ఏ చిక్కుకున్న సరుకు కాదని చెప్పడానికి నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే ఆధారం రెండు మందులది. ఆర్సెనైట్ వంటి ఒత్తిడిలో అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ తయారుచేయడం) మొదలవడానికి కావలసిన ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు చేరి, కొత్త అనువాదం మొదలవడం తగ్గుతుంది, అప్పటికే ఎంఆర్‌ఎన్‌ఏ మీద నడుస్తున్న రైబోజోములు పని ముగించుకుని దిగిపోతాయి, దాంతో ఎంఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. సైక్లోహెక్సిమైడ్ ఇస్తే రైబోజోములు ఎక్కడివక్కడ ఆగిపోయి ఎంఆర్‌ఎన్‌ఏను కప్పి ఉంచుతాయి కాబట్టి కణికలు ఏర్పడవు. ప్యూరోమైసిన్ ఇస్తే రైబోజోములు ముందే ఊడిపోతాయి కాబట్టి కణికలు మరింత సులభంగా ఏర్పడతాయి. 2020లో వెలువడిన పరిశోధనలు దీని తరువాతి మెట్టును చూపాయి: మామూలుగా తన మీదకు తానే ముడుచుకుని ఉండే జీ3బీపీ1, బయటపడిన ఆర్‌ఎన్‌ఏ తగిలినప్పుడు తెరుచుకుని గుంపుకు దారితీస్తుంది.

జవాబు 2 (నాడీ వ్యాధులపై పరిశోధన, చెన్నై):

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ గుంపు కట్టించేదే అనుకోవద్దు. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఎఫ్‌యూఎస్ వంటి ప్రోటీన్ల విషయంలో ఆర్‌ఎన్‌ఏ కొద్దిగా ఉంటే కణికలు పెరుగుతాయి, బాగా ఎక్కువైతే కరిగిపోతాయి. కేంద్రకంలో ఎఫ్‌యూఎస్ అంత చిక్కగా ఉండి కూడా గడ్డకట్టకపోవడానికి అక్కడి ఆర్‌ఎన్‌ఏ సమృద్ధి ఒక కారణమని 2018లో చూపారు. కండరాలను నడిపే నాడీకణాలు క్షీణించే ఏఎల్‌ఎస్ వ్యాధికి సంబంధించిన మార్పు గల ఎఫ్‌యూఎస్ బిందువులు పరీక్షనాళికలో కాలం గడిచేకొద్దీ ద్రవస్థితి వదిలి పీచులాంటి గట్టి రూపానికి త్వరగా మారతాయని 2015లోనే తెలిసింది. మా రంగంలో ఉన్నవారికి ఈ కణికల మీద ఇంత ఆరాటం అందుకే.

జవాబు 3 (అధ్యాపకురాలు, బెంగళూరు):

మీ చివరి ప్రశ్నే అసలైన ప్రశ్న అమ్మా, దానికి చాలామంది తొందరపడి జవాబిస్తారు. స్ట్రెస్ గ్రాన్యూల్స్ ఎంఆర్‌ఎన్‌ఏను దాచి అనువాదాన్ని ఆపుతాయని అలవాటుగా రాస్తుంటారు. కానీ 2017లో కొలిచినప్పుడు కణంలోని మొత్తం ఎంఆర్‌ఎన్‌ఏలో సుమారు 10 శాతమే వాటిలో కనిపించింది. జీ3బీపీ1, దాని జోడు ప్రోటీన్ జీ3బీపీ2 రెండూ లేని కణాల్లో ఆర్సెనైట్ ఇచ్చినా కణికలు ఏర్పడవు, అయినా అనువాదం తగ్గుతుంది. పైగా కణికల లోపలి ఎంఆర్‌ఎన్‌ఏలు కూడా అనువాదం కాగలవని 2020లో ఒక్కొక్క అణువును వెంబడించి చూపారు. కనుక అనువాదాన్ని ఆపడమే వాటి పని అని నేను ఒప్పుకోను.

దీనికి భిన్నంగా, కేంద్రకంలో రైబోజోము భాగాలు తయారయ్యే చోటైన న్యూక్లియోలస్‌ను చూడండి. అదీ పొర లేనిదే, కానీ అక్కడ అమరికకూ పనికీ ఉన్న సంబంధం స్పష్టంగా కనబడుతుంది. రైబోజోము ఆర్‌ఎన్‌ఏ లోపలి అంచెల సరిహద్దులో పుట్టి, ఫైబ్రిలారిన్ అనే ప్రోటీన్ ఉండే అంచె గుండా, న్యూక్లియోఫాస్మిన్ అనే ప్రోటీన్ ఉండే వెలుపలి అంచెకు సాగుతూ, దారి పొడవునా కత్తిరింపులూ మార్పులూ పొంది ప్రోటీన్లను చేర్చుకుంటుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

ధన్యవాదాలు మేడమ్. అలాంటప్పుడు 1,6-హెక్సేన్‌డయాల్ అనే ద్రావణితో కణికలను కరిగించి, ఆ తరువాత కణంలో ఏం మారిందో చూస్తే సరిపోతుందా?

జవాబు 3 (అధ్యాపకురాలు):

సరిపోదమ్మా. ఆ ద్రావణి కణంలోని ఇతర బంధాలను, పొరలను కూడా దెబ్బతీస్తుంది, కాబట్టి వచ్చిన మార్పు కణిక కరగడం వల్లనేనని చెప్పలేరు. రెండు జీ3బీపీలూ లేని కణాల్లోకి ఒకవైపు మామూలు జీ3బీపీ1ను, మరోవైపు ఆర్‌ఎన్‌ఏను పట్టుకోగలిగినా గుంపు కట్టలేని రూపాన్ని, రెండింటినీ ఒకే మోతాదులో తిరిగి చేర్చి పోల్చండి. ఒత్తిడి సమయంలోనే కాక, ఆర్సెనైట్ కడిగేసిన తరువాత కణం కోలుకునే వేగాన్ని కూడా కొలవండి.