ఉత్తర ముఖం ఇంటికి ఎండ పడలేదు, గోడలు వాలిపోయాయి: కట్టడాల ఫొటోగ్రఫీపై సలహా కావాలి

ప్రశ్న (పర్లాకిమిడి):
పదకొండేళ్లుగా నేను ఇక్కడ పెళ్లిళ్లకు, శుభకార్యాలకు ఫొటోలు తీస్తున్నాను. మొన్న జనవరిలో ఒక ఆర్కిటెక్టు గారు, మా ఊళ్లో తాము కట్టించిన రెండంతస్తుల ఇంటిని ఫొటోలు తీసిపెట్టమని అడిగారు. వీధి ఇరుకు కావడంతో ఎదురింటి అరుగు మీద నిలబడి కెమెరాను పైకెత్తి తీశాను. గోడలన్నీ వెనక్కి వాలుతున్నట్టు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో నిటారుగా లాగితే అంచులు తెగి పిట్టగోడ పోయింది. పైగా ఇల్లు ఉత్తర ముఖం. మూడు రోజులు వేర్వేరు వేళల్లో వెళ్లినా ముందు గోడ మీద ఎండ పడలేదు. ఆయన మర్యాదగానే ఆ ఫొటోలు వద్దన్నారు. బ్రిటిష్ ఆర్కిటెక్టు చిషోల్మ్ రూపకల్పన చేసిన మా రాజావారి కోట మీద సాయంత్రపు ఎండ రంగులు మారడం చూస్తూ పెరిగిన నాకు ఈ పని మీద నిజంగానే మనసుంది. పెళ్లిళ్లు మానుకుని ఇందులోకి రావచ్చునా?

జవాబు (బరంపురం):
కెమెరా సెన్సరు, అంటే లోపల బొమ్మను పట్టే పలక, గోడకు సమాంతరంగా ఉన్నంతవరకే నిలువు గీతలు నిలువుగా వస్తాయి. మేస్త్రీ రసమట్టం పెట్టి చూసుకున్నట్టు, ట్రైపాడ్ మీద కెమెరాను ముందు మట్టం చేయండి. అప్పుడు సగం చిత్రం వీధి నేలతోనే నిండి పైభాగం తెగిపోతుంది. ఆ చిక్కు తీర్చడానికే షిఫ్ట్ లెన్సు ఉంది. కెమెరాను కదల్చకుండా లెన్సును మాత్రమే పైకి జరపవచ్చు. కానన్ 24 మిల్లీమీటర్ల టిల్ట్-షిఫ్ట్ లెన్సు 12 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. ఖరీదైనది కనుక మొదట అద్దెకు తెచ్చుకోండి. దొరకకపోతే ఎదురింటి వారిని అడిగి మేడ ఎక్కండి; ఇంటి సగం ఎత్తున నిలబడి మట్టంగా తీస్తే గోడలు వాలవు. మా పట్టునేత వీధుల్లో మొదటి నాలుగేళ్లు నేను అలాగే నెట్టుకొచ్చాను.

ఇక ఎండ. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానే ఉంటాడు కాబట్టి, మూడు కాదు ముప్పై రోజులు వెళ్లినా ఆ గోడకు ఎండ తగలదు. మార్చి 21 దాటాక సూర్యోదయం ఈశాన్యం వైపు జరుగుతుంది. మే నడిమి నుంచి జూలై చివరి దాకా మన వైపు మధ్యాహ్నపు సూర్యుడు సైతం నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో మబ్బులు పడతాయి గనుక, మే చివరి వారాల్లో ఉదయం ఏటవాలుగా తాకే ఎండను పట్టుకోండి. గోడ గరుకుదనం అప్పుడే తెలుస్తుంది. అంతవరకు ఆగలేకపోతే, సూర్యుడు అస్తమించిన పావుగంటకు ఆకాశపు నీలమూ ఇంట్లోని దీపాల వెలుగూ సమంగా ఉండే కొద్ది నిమిషాలలో తీయండి. దీపాలన్నీ ఒకే రంగువి ఉండేలా ముందే చూసుకోవాలి.

జవాబు (రాయగడ):
నేను ఆర్కిటెక్టును, ఫొటోలు తీయించుకునేవాణ్ణి. కెమెరా తీయకముందు మా ప్లాను అడగండి. ఆ కిటికీ అక్కడే ఎందుకు పెట్టామో తెలిస్తే ఎక్కడ నిలబడాలో మీకే తడుతుంది. మరీ వెడల్పు లెన్సుతో పది అడుగుల గదిని పదహారు అడుగుల గదిలా చూపే ఫొటోలు నాకు గిట్టవు, ఎందుకంటే నేను కొలిచి కట్టిన గది అది కాదు. ఆరేసిన బట్టలు తీయించండి గానీ, గడప ముందు ముగ్గును మాత్రం ఉంచండి. పెళ్లిళ్లు ఇప్పుడే మానకండి. మన ఊళ్లలో ఫొటోలు తీయించే ఆర్కిటెక్టులు ఇంకా తక్కువ.

జవాబు (సిరొంచ):
ఒక్క మాట. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. ఆ ఫొటోలను మీ పనితనానికి నమూనాగా చూపించాలన్నా, టైల్స్ కంపెనీకి అమ్మాలన్నా ఆ మాటను ముందే కాగితం మీద రాయించుకోండి. నేను నోటిమాటను నమ్మి, రెండేళ్ల పనిని ఎవరికీ చూపించుకోలేకపోయాను.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఎదురింటి మామ్మగారిని అడిగి, వారి మేడ మీద మట్టం చూసుకుని ఒక ఫొటో తీశాను. పిట్టగోడతో సహా ఇల్లు నిటారుగా నిలబడింది. ఆర్కిటెక్టు గారికి ఫోన్ చేసి ప్లాను అడిగాను. మే చివరిలో మళ్లీ తీయడానికి ఆయన ఒప్పుకున్నారు. ముహూర్తాలు లేని ఉదయాలను చూసి రెండు రోజులు కేటాయించుకున్నాను.