లేబర్ రూమ్‌లో వాక్యూమ్ పెట్టడం ఇప్పుడు ఎక్కడ నేర్చుకోవాలి?

రాత్రి డ్యూటీ:
గైనిక్‌లో పీజీ అయి ఒక ఏరియా ఆస్పత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. సిజేరియన్ నిద్రలో లేపినా చేసేస్తాను. వాక్యూమ్ మాత్రం, అంటే తలకి కప్పు అంటించి బిడ్డని బయటికి లాగడం, మూడేళ్లలో నాలుగే. అందులో రెండు, చెయ్యి సీనియర్‌ది, పేరు నాది. తల పట్టి లాగే పటకారు, ఫోర్సెప్స్ అయితే ట్రేలో చూడ్డమే.

పోయిన బుధవారం రాత్రి రెండున్నర. తొలి కాన్పు. పది సెంటీమీటర్లు తెరుచుకుని గంటన్నరైంది, తల బాగా కిందికి దిగింది, ఆ పిల్లకి ఇంక ముక్కే ఓపిక లేదు. బిడ్డ గుండె 90కి పడి పైకి రావట్లేదు. వాక్యూమ్ అడిగితే బీరువాలో ఉందన్నారు. తాళంచెవి డే డ్యూటీ సిస్టర్ ఇంట్లో. నిజం చెప్పొద్దూ, తాళం లేదనగానే నాకు హమ్మయ్య అనిపించింది.

మత్తు డాక్టర్ వచ్చి కడుపు తెరిచేసరికి నలభై నిమిషాలు. తల ఇరుక్కుపోయింది, సిస్టర్ కింద నుంచి తోస్తే గానీ రాలేదు. కోత పక్కకి చిట్లి రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాం. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, నాకే నిద్ర పట్టట్లేదు.

వరంగల్ పాత బ్యాచ్:
అమ్మాయ్, ఆ హమ్మయ్య ఒప్పుకున్నావు చూడు, నువ్వు నేర్చుకుంటావు. మా రోజుల్లో మత్తు డాక్టర్ వారానికి రెండు రోజులే వచ్చేవాడు, మాకు వేరే దారి లేక చెయ్యి వచ్చింది. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ పక్కనే ఉంటుంది కాబట్టి చెయ్యి రావట్లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ముహూర్తాలవి పక్కన పెట్టినా, నీ బుధవారం లాంటివి వాటిలో ఎన్నో.

ముందు కాన్పు నేర్పే బొమ్మ మీద చెయ్యి. లాగడం గురించి తర్వాత, కప్పు ఎక్కడ పెట్టాలో అదే సగం పని. వెనకాల ఉండే చిన్న మాడు వేలికి తగలాలి. అక్కణ్నుంచి తల నడి గీత మీద మూడు సెంటీమీటర్లు నుదుటివైపు, అదీ కప్పు మధ్యభాగం రావాల్సిన చోటు. అంతకంటే ముందుకి జరిగితే బిడ్డ గడ్డం పైకి లేచి తల ఇంకా పెద్దదవుతుంది. చుట్టూ వేలు తిప్పి తల్లి కండ ఇరుక్కోలేదని చూసుకున్నాకే ప్రెషర్ పెంచు. నొప్పి వచ్చినప్పుడే లాగు, మొదట నేలవైపు. మూడు లాగుళ్లలో రాకపోయినా, కప్పు రెండుసార్లు ఊడినా ఆపెయ్. పంతానికి పోతే బిడ్డ తలలో రక్తం చేరే ప్రమాదం పెరుగుతుంది. 34 వారాలు నిండని బిడ్డకి అసలు వద్దు.

కంపాలా నుంచి:
మేడమ్ చెప్పిన ‘వేరే దారి’ ఇక్కడా అంతే. ఉగాండాలో సిజేరియన్ అయిన అమ్మాయి రెండో కాన్పుకి ఆస్పత్రి చేరుతుందన్న నమ్మకం లేదు. బోడాబోడా, అంటే అద్దె బైకు, దాని మీద నొప్పులతో గంట ప్రయాణం. పాత కోత దగ్గర గర్భసంచి పగిలి వచ్చినవాళ్లని నేను చూశాను. మొదటిసారి ఒక కప్పుతో పోయేదే కదా అనిపిస్తుంది. ములాగో ఆస్పత్రిలో 2012 తర్వాత వాక్యూమ్ మళ్లీ నేర్పారు. నూరు కాన్పుల్లో ఒకటి కూడా లేని వాక్యూమ్‌లు రెండేళ్లలో రెండు దాటాయి. నొప్పుల్లో బిడ్డలు పోవడం, గర్భసంచి పగలడం తగ్గాయి. దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు, చేత్తో కొట్టే పంపు, కడిగి వాడే కప్పులు చాలు. నేర్పే మనిషి లేబర్ రూమ్‌లోనే ఉండటం ముఖ్యం.

సిద్ధు వాళ్లమ్మ:
నేను డాక్టర్ని కాదు. మా వాడికి వాక్యూమే పెట్టారు. తల మీద గిన్నె బోర్లించినట్టు వాపు చూసి మా అత్తయ్య శోకాలు పెట్టింది, మెదడు లాగేశారని. రెండ్రోజుల్లో పోయింది. వాపు వస్తుందని ముందే ఒక్క మాట చెప్పండి డాక్టర్ గారూ, అదొక్కటే.

రాత్రి డ్యూటీ:
చెప్తానమ్మా. మేడమ్, మీ మాట విని ఇవాళ బీరువా తెరిపించాను. పంపు కొడితే ముల్లు కదల్లేదు. ట్యూబు రెండు చోట్ల పగిలి ఉంది. బుధవారం తాళం దొరికినా ఇంతే. కొత్తదానికి ఇండెంట్ రాశాను, బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమో అడుగుతున్నాను.