అనుబంధ కళాశాల అధ్యాపకురాలికి వైస్ చాన్సలర్ పదవి దాకా దారి ఉంటుందా?

ప్రశ్న (మల్లేశ్వరం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో ఒక ప్రైవేటు అనుబంధ డిగ్రీ కళాశాలలో కొన్నేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను, పీహెచ్‌డీ పూర్తయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యేవారు అసలు ఏ మెట్లు ఎక్కి అక్కడికి చేరుతారో, నా వంటి వారికి ఆ దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవాలని ఉంది. ఆశ పెద్దదని నవ్వకండి. పలుకుబడి ఉంటేనే పదవి అని మా స్టాఫ్ రూములో అందరూ అనేదే. నిబంధనలు ఏమంటున్నాయో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత ప్రొఫెసర్, నాగరభావి)

నవ్వవలసిన పని లేదమ్మా, లెక్క వేసుకోవలసిన పని ఉంది. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం వైస్ చాన్సలర్ కావాలంటే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలి. లేదా పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యా పరిపాలన సంస్థలోనో 10 ఏళ్లు పనిచేసి, విద్యారంగంలో నాయకత్వం వహించినట్టు రుజువు చూపాలి. మీరు ఆగి చదవవలసిన మాట ‘విశ్వవిద్యాలయంలో’ అన్నది. అనుబంధ కళాశాలలో ఎంత గొప్పగా బోధించినా, ప్రిన్సిపాల్‌గా ఎన్నేళ్లు చేసినా, ఆ పదేళ్ల షరతు తీరకుండా అలాగే మిగిలిపోతుంది.

ఇక కాలం సంగతి. పీహెచ్‌డీతో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ క్యాస్ (సర్వీసు ఏళ్లు, పనితీరు చూసి ఇచ్చే) పదోన్నతుల ద్వారానే వస్తే 4, 5, 3, 3 ఏళ్ల చొప్పున నాలుగు మెట్లు దాటి, ఏ మెట్టు దగ్గరా ఫైలు ఆగకపోతే, 15 ఏళ్లకు ప్రొఫెసర్ అవుతారు. ఫైలు ఆగకపోవడం నేను అరుదుగానే చూశాను. దానికి మరో పదేళ్లు కలిపితే పాతికేళ్లు. ముప్పయ్యో ఏట చేరినవారికి యాభై అయిదు వస్తాయి. ప్రత్యక్ష నియామకంలో దారి దగ్గర: పీహెచ్‌డీ, 10 ఏళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, 10 ప్రామాణిక ప్రచురణలు, 120 పరిశోధన స్కోరు (ప్రచురణలు వగైరా పరిశోధన పనికి లెక్కగట్టే మార్కులు), ఒక పరిశోధక విద్యార్థికైనా పీహెచ్‌డీ ఇప్పించిన ఆధారం ఉంటే ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. అనుబంధ కళాశాలలో ఉన్నవారికి చాలాసార్లు అడ్డుపడేది ఈ చివరి షరతే, ఎందుకంటే అక్కడ పరిశోధన కేంద్రమే ఉండదు. అందువల్ల ఇప్పుడే విశ్వవిద్యాలయ విభాగానికి మారడం మీకు అన్నిటికన్నా ముఖ్యం.

సమాధానం 2 (విశ్వవిద్యాలయ పరిపాలన విభాగంలో పనిచేసి రిటైరైన వ్యక్తి)

ప్రొఫెసర్ గారు అర్హత గురించి చెప్పారు. అర్హులు వందల మంది ఉంటారు, పదవి ఒక్కటే. కర్ణాటకలో 2000 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం గవర్నర్, యూజీసీ, రాష్ట్ర ప్రభుత్వం, సిండికేట్ (విశ్వవిద్యాలయ పాలక మండలి) ఒక్కొక్కరిని నామినేట్ చేయగా ఏర్పడే సెర్చ్ కమిటీ ముగ్గురి పేర్లను అక్షరక్రమంలో పంపుతుంది. వారిలో ఒకరిని గవర్నర్ ప్రభుత్వ సమ్మతితో నాలుగేళ్లకు నియమిస్తారు. అక్షరక్రమం అన్నది గమనించండి, కమిటీకి ఎవరు ముందో ఎవరు వెనుకో కాగితం మీద కనబడదు. మీ స్టాఫ్ రూము వారు చెప్పే పలుకుబడి పనిచేసేది ఆ మూడు పేర్ల తర్వాతే, అది లేదని నేను అనను.

ఆ మూడింట్లో పేరు ఉండాలంటే పరిశోధన పత్రాలతో పాటు పరిపాలన కూడా చేసి ఉండాలి. విభాగాధిపతి, డీన్, పరీక్షల బోర్డు అధ్యక్షత, రిజిస్ట్రార్ (మూల్యాంకనం), సిండికేట్ సభ్యత్వం: దరఖాస్తులో బరువు వీటిదే. ముఖ్యంగా మూల్యాంకనం. ఫలితాలు ఆలస్యమై విద్యార్థులు గేటు ముందు కూర్చున్న రోజున, దిద్దని జవాబు పత్రాల కట్టలు ఏ కేంద్రంలో ఆగాయో కనుక్కొని, ఎవరికి ఎంత పారితోషికం బాకీ ఉందో తేల్చి, సాయంత్రానికి దిద్దేవారిని బల్లల ముందు కూర్చోబెట్టగలిగినవారికి విశ్వవిద్యాలయం ఎలా నడుస్తుందో ఇంకెవరూ నేర్పనక్కర్లేదు.

పద్ధతి తప్పితే కోర్టులు ఊరుకోవు. కేరళలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి కమిటీ ఒకే పేరు పంపిందన్న కారణంతో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియామకాన్నే కొట్టివేసింది.

సమాధానం 3 (చెన్నై, టి.నగర్)

మా చెన్నైలో చిక్కు ఇంకొకటి. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం, 2023 ఆగస్టులో వైస్ చాన్సలర్ (వీసీ) పదవీకాలం ముగిశాక చాలాకాలం కన్వీనర్ కమిటీతోనే, అంటే వీసీ లేనప్పుడు పనులు చూసే తాత్కాలిక కమిటీతోనే నడిచింది. సెర్చ్ కమిటీలో యూజీసీ ప్రతినిధి ఉండాలా వద్దా అన్న దగ్గర గవర్నర్‌కూ ప్రభుత్వానికీ పొసగలేదు. అన్ని అర్హతలూ ఉన్నవారు అలా ఎదురుచూస్తూనే రిటైరైపోవచ్చు.

పాత రోజుల్లో దారి వేరు. కట్టమంచి రామలింగారెడ్డి గారు మైసూరులో బోధించి, ఆ సంస్థానపు విద్యాశాఖలో ఉన్నతాధికారిగా చేసి, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షులు (నేటి మాటలో వైస్ చాన్సలర్) అయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో రాజీనామా చేసి, 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా కొనసాగారు. మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మా ప్రెసిడెన్సీ కళాశాల అధ్యాపకులే. జి.రామ్‌రెడ్డి గారు ఉస్మానియా నుంచి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి 1985లో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) తొలి వీసీగా, ఆపై యూజీసీ అధ్యక్షులుగా వెళ్లారు. ఇన్ని పదవులు ఒకరికే దక్కడం ఇప్పుడు ఊహకందదు.

సమాధానం 4 (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మెట్లు మరింత స్పష్టంగా ఉంటాయి: విభాగాధిపతి, డీన్, ప్రొవోస్ట్ (విద్యా వ్యవహారాల అధిపతి), ఆ తర్వాత అధ్యక్ష పదవి. బెంగళూరు విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చదివిన భౌతికశాస్త్రవేత్త కుంబ్లె సుబ్బస్వామి గారు మయామీలోనూ ఇండియానాలోనూ డీన్‌గా, కెంటకీలో ప్రొవోస్ట్‌గా చేశాకే 2012లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్హెర్‌స్ట్ ప్రాంగణానికి చాన్సలర్, అంటే అక్కడి అధిపతి అయ్యారు. అక్కడ నియామకం పాలక మండలిది, గవర్నర్ సంతకంతో పని లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. విశ్వవిద్యాలయానికి మారితే నా ఇప్పటి సర్వీసు లెక్కలోకి వస్తుందా?

సమాధానం 1 (మళ్లీ)

వస్తుంది, షరతులతో. నియామకం నాటికి యూజీసీ అర్హతలు ఉండి, సక్రమమైన సెలక్షన్ ద్వారా చేరి, జీతం రెగ్యులర్ స్థాయిలో ఉన్నట్టు కాగితాలు చూపాలి. చాలా ప్రైవేటు కళాశాలల్లో చిక్కు జీతం దగ్గరే వస్తుంది. నియామకపు ఉత్తర్వు, జీతం స్లిప్పులు ఇప్పటి నుంచే జాగ్రత్త చేసుకోండి, దరఖాస్తును మాత్రం తప్పనిసరిగా మీ యాజమాన్యం ద్వారానే పంపండి.