అప్‌డేట్: అన్నవరంలో పెళ్లి, చుట్టాల మీద భారం పడకుండా

నాలుగు నెలల క్రితం అడిగాను: నా పెళ్లి అన్నవరంలో, చుట్టాల్లో 80 మంది హైదరాబాద్ నుంచి రావాలి, వాళ్లకి ఖర్చు తగ్గించేదెలా అని. పోయిన వారం పెళ్లి బాగా జరిగింది. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది రైలు సలహా. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే మొదలవుతుంది. నాన్న ఇంకా పాత లెక్కలోనే ఉన్నారు! ఆ తేదీ ముందే లెక్కేసి, పొద్దున 8 లోపు ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఫోన్‌లో చేసుకోలేని పెద్దవాళ్లకి నేనూ తమ్ముడూ బుక్ చేశాం. దాదాపు అందరికీ స్లీపర్‌లో బెర్తులు దొరికాయి. స్టేషన్ నుంచి కొండకి రెండు బస్సులు మావే.

గదుల దగ్గరే టెన్షన్ పడ్డాం. నోటిమాట మీద ఒప్పుకున్న ఒక లాడ్జి వారం ముందు రేటు పెంచింది. తేడా మేమే కట్టాం, చుట్టాలకి చెప్పలేదు. మీరు మాత్రం అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కొండ మీద దేవస్థానం గదుల్లోనే ఉంచాం.

సంగీత్ మానేశాం. అందరూ ఒకే రంగు బట్టలు కొనాలన్న ఆలోచన కూడా వదిలేశాం. శుభలేఖలో చదివింపులు వద్దని వేయించాం.

మా పెద్దత్త ఈసారి రాలేనేమో అని ముందే బాధపడింది. వచ్చింది, తలంబ్రాల దాకా నా పక్కనే ఉంది. వెళ్లేటప్పుడు ఆకులో కట్టిన ప్రసాదం నాలుగు పొట్లాలు అడిగి మరీ తీసుకెళ్లింది.