హోమ్‌బ్రూ హోమ్ ఫోల్డర్‌లో ఉంది, మేక్ ఇన్‌స్టాల్ తర్వాత లైబ్రరీ దొరకడం లేదు

తిరుపతిలో మా కాలేజీ ల్యాబ్ మెషీన్, ఉబుంటు 22.04. సుడో (అడ్మిన్ అనుమతి) ఇవ్వరు, అడిగి అడిగి విసిగిపోయా. అందుకే హోమ్‌బ్రూను (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) నా హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకున్నా. అది ఉండాల్సిన చోటు కాదు కాబట్టి రెడీమేడ్ బాటిల్స్ (ముందే కంపైల్ చేసి ఉంచిన ప్యాకేజీలు) చాలావరకు తీసుకోలేదు. ఓపెన్‌సీవీ (ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీ) సోర్స్ నుంచి రాత్రంతా కంపైల్ అయింది.

బిల్డ్ టూల్ సీమేక్‌కు ప్రిఫిక్స్ పాత్ (లైబ్రరీలు వెతకాల్సిన ఫోల్డర్) ఇచ్చాక నా ప్రోగ్రామ్ బిల్డ్ అయింది. బిల్డ్ ఫోల్డర్‌లో చక్కగా నడుస్తోంది. మేక్ ఇన్‌స్టాల్ కొట్టాక మాత్రం మొండికేస్తోంది: ఎల్‌డీడీ (ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలు చూపే కమాండ్)లో లిబ్ ఓపెన్‌సీవీ కోర్ ఎదురుగా 'నాట్ ఫౌండ్'. ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) పెడితే నడుస్తుంది గానీ, అప్పుడు సిస్టమ్‌లోని కర్ల్ (డౌన్‌లోడ్ టూల్) గోల మొదలుపెడుతుంది. క్యాష్ తుడిచేసి రెండుసార్లు మళ్లీ బిల్డ్ చేశా, అదే కథ.

ఇన్‌స్టాల్ అయ్యాక కూడా బైనరీలో ఆ లైబ్రరీ దారి చెరిగిపోకుండా ఉండాలంటే సీమేక్‌లో ఏ సెట్టింగ్ పెట్టాలి?