వలస వీధి జ్ఞాపకాలను వీధిలోనే వినిపించాలా? ఎవరి అనుమతితో?

బాటసారి (టొరంటో)

మా ఊరిలో కెన్సింగ్టన్ మార్కెట్ అనే పాత వలస పేట ఉంది. 2003లో అక్కడ ముగ్గురు కలిసి ‘మర్మర్’ అనే ప్రయోగం మొదలుపెట్టారు. వీధుల్లో చెవి ఆకారంలో ఆకుపచ్చ పలకలు తగిలించారు. ఒక్కో పలక మీద ఒక ఫోను నంబరు, ఆ చోటుకు ఒక కోడు. సెల్‌ఫోనులో ఆ నంబరు కొడితే, మీరు నిలబడిన చోటే ఒకప్పుడు ఎవరికో ఏం జరిగిందో వారి గొంతులోనే వినే వీలుండేది. చరిత్రకారుడి ఉపన్యాసం కాదు, మామూలు మనిషి మాట. తర్వాత వాంకూవర్ చైనాటౌన్‌కు, మాంట్రియల్ సెయింట్ లారెంట్ వీధికి కూడా ఇది పాకింది.

కెన్సింగ్టన్ 1920, 30లలో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదుల బజారు. ఆ చుట్టుపక్కల 30కి పైగా వాళ్ల ప్రార్థనాలయాలు ఉండేవి. ఈనాడు పేటలో రెండే మిగిలాయి. వాళ్లు ఉత్తరానికి తరలిపోయాక పోర్చుగీసువారు, కరీబియన్ దీవులవారు, చైనీయులు వచ్చి చేరారు. 2006లో ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు పేటకు. ఏ గదిలో ఎవరు పొయ్యి వెలిగించారో చెప్పేది ఆ గొంతులే.

జెరార్డ్ వీధిలోని ఇండియా బజారుకు ఇలాంటి ‘పరస్పర స్పందన కళ’ (వినేవారు తామూ పాల్గొనే కళ) ఒకటి చేయాలని మేం నలుగురం అనుకుంటున్నాం. 1972లో నాజ్ థియేటరు అక్కడ హిందీ సినిమాలు ఆడించడం మొదలుపెట్టాక దాని చుట్టూ దుకాణాలు లేచాయి. చింతపండు కోసం, కందిపప్పు కోసం మా నాన్న శనివారాలు రెండు బస్సులు మారి వెళ్లేవారు. ఆ తరంవారికి డెబ్బై దాటింది. ఇప్పుడు పట్టుకోకపోతే ఆ గొంతులు మళ్లీ దొరకవు. మీరేమంటారు?

నిశితం

మంచి ఆలోచనే. కానీ దీన్ని ‘పరస్పర స్పందన కళ’ అని పిలవడం మీద నాకు అభ్యంతరం ఉంది. నంబరు కొట్టి రికార్డు వినడంలో పరస్పరం ఎక్కడుంది? నేను విన్నందువల్ల ఆ కథలో ఒక్క అక్షరం మారదు. రైల్వే విచారణ నంబరుకు ఫోను చేసినా ఇదే జరుగుతుంది.

వేపచెట్టు

నిర్వాహకులు ఇలాంటి ఫోను నంబరుకు డబ్బు కట్టడం ఆపేస్తే ఆ కథలు ఎక్కడికి పోతాయి?

బాటసారి

నిశితం గారూ, మారేది కథ కాదు, వినేవాడు. ఇంట్లో కూర్చుని వినడం వేరు, ఆ గుమ్మం ముందు నిలబడి వినడం వేరు. న్యూయార్క్‌లోని టెనెమెంట్ మ్యూజియం చూడండి. 97 ఆర్చర్డ్ వీధిలో 1863లో కట్టిన అద్దెల మేడ అది. 1935 వరకు సుమారు 7,000 మంది అందులో కాపురం ఉన్నారు. పక్కనే 103 నంబరు ఇంట్లో 2017లో ఇంకో ప్రదర్శన తెరిచారు. అక్కడ చైనాటౌన్ కుట్టు కార్ఖానాను మళ్లీ కట్టి చూపించారు. కుట్టు మెషీన్ల దగ్గరికి వెళ్లి తాకితే అక్కడ పనిచేసిన స్త్రీల కథలు వినిపిస్తాయి. చేయి వేస్తే తప్ప కథ నోరు విప్పదు. ఇది స్పందన కాదంటే ఇంకేది స్పందన?

కృష్ణాతీరం

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను. ఈ విషయం మీద రాయక తప్పడం లేదు.

మేముండే నగరంలో ఇలాంటి ప్రదర్శన ఒకటి జరిగింది. ఏ నగరమో, ఎవరు చేశారో చెప్పను. గోడకు పాతకాలపు టెలిఫోన్ రిసీవర్లు వేలాడదీశారు. తీసి చెవికి ఆనించుకుంటే ఒక గొంతు వినిపిస్తుంది. అందులో ఒకటి మా అమ్మది. ఇరవై ఏళ్లు ఒక హోటలు బేస్‌మెంటులో ఉల్లిపాయలు తరిగిన మనిషి. రికార్డు చేసినవాళ్లు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, రెండు గంటలకు పైగా మాట్లాడించారు. ప్రదర్శనలో ఉంచింది రెండు నిమిషాలు. మొదటి రెండు వాక్యాలే తెలుగు. ఆ తర్వాత అమ్మ గొంతు తగ్గిపోయి, దాని మీద ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో చదివింది. ఏడ్చినచోట మాత్రం అమ్మ గొంతు మళ్లీ పెంచారు.

ప్రారంభం రోజున అమ్మకు పట్టుచీర కట్టి తీసుకెళ్లాను. రిసీవరు తీసుకుని విన్నది. మళ్లీ యథాస్థానంలో పెట్టి, “ఇది నేను కాదే” అన్నది. అంతే. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆకాశదీపం

చదువుతుంటే మనసు కలుక్కుమంది.

నిశితం

కృష్ణాతీరం గారి అనుభవం నా మాటనే రుజువు చేస్తోంది. రిసీవరు ఎత్తినంత మాత్రాన అక్కడ సంభాషణ ఏమీ జరగలేదు. అమ్మగారికి ఎదురు మాట చెప్పే వీలు అక్కడ ఎవరైనా పెట్టారా?

బాటసారి

కృష్ణాతీరం గారూ, జరిగింది తప్పే, కాదనను. కానీ అది కత్తిరించినవారి తప్పు. మేం అలా చేయం. తెలుగు తెలుగులోనే పూర్తిగా వినిపిస్తాం. అనువాదం కావాలంటే ఫోను తెర మీద అక్షరాల్లో వస్తుంది. గొంతు మీద గొంతు పెట్టం. ఇది సాంకేతికంగా పెద్ద పని కాదు.

ఇంకో మాట. అమ్మగారు ఇష్టపడే మాట్లాడారు కదా, కాగితం మీద సంతకం కూడా పెట్టి ఉంటారు. ఒక చెడ్డ ప్రదర్శన జరిగిందని ఒక తరం గొంతులన్నీ మట్టిలో కలిసిపోవాలా?

కృష్ణాతీరం

సంతకం! ఆ మాట వస్తుందని నాకు తెలుసు. మూడు పేజీల కాగితం, అంతా ఇంగ్లీషు. అమ్మ తెలుగులో సంతకం పెట్టింది. ఇంటికి వచ్చిన పిల్లలు ముచ్చటగా ఉన్నారని, కాఫీ తాగారని, ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరో “మీ సంగతి చెప్పండి” అని అడిగారని పెట్టింది. దాన్ని మీరు ఇష్టం అంటారు.

మీరంతా అక్షరాల గురించి, అనువాదం గురించి మాట్లాడుతున్నారు. ప్రదర్శనకు వచ్చినవాళ్లలో ఒకరు రిసీవరు చెవికి పెట్టుకుని ఫోటో దిగడం నేను చూశాను. నవ్వుతూ దిగారు. లోపల మా అమ్మ ఏడుస్తోంది.

బాటసారి

నేను మీ శత్రువును కాను. నన్ను ఆ ఫోటో దిగినవాళ్లతో కలిపి మాట్లాడకండి. నొప్పి మీ ఒక్కరిదే అనుకోకండి కూడా.

వేపచెట్టు

ఇద్దరూ కాస్త ఆగండి. రేపు రాయండి.

బగాన్‌దాతో మనవడు (మలేసియా)

పెద్దలు క్షమించాలి, నా తెలుగు కొంచెం తడబడుతుంది. మా తాతగారు విశాఖ వైపు నుంచి పేరాక్ రాష్ట్రంలోని బగాన్‌దాతో కొబ్బరి తోటలకు కూలీగా వచ్చారు. కూలీల వరుస ఇళ్లలో పుట్టిన మా అమ్మమ్మను నేను ఫోనులో నాలుగు గంటలు రికార్డు చేశాను. కంగాణీ (కూలీల మేస్త్రీ) సంగతులు, జీతం రోజు సంగతులు, ఎవరి కూతురు ఎవరితో వెళ్లిపోయిందో, అన్నీ చెప్పింది. ప్రతి కథ చివర “ఇది బయట చెప్పకు నాయనా” అన్నది. అమ్మమ్మ పోయి ఆరేళ్లు. మా పిల్లలకు తెలుగు రాదు. వినిపిస్తే అమ్మమ్మ మాట తప్పినట్టు, వినిపించకపోతే ఆమె అసలు పుట్టనట్టు. నాకు ఏ దారీ తోచక ఈ చర్చ చదువుతున్నాను.

నిశితం

ఇది మాత్రం నిజమైన చిక్కు. నా నిర్వచనాల గొడవ కాసేపు పక్కన పెడతాను.

బాటసారి

నిన్న కోపంగా రాసినందుకు మన్నించండి. నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలి.

మా నాన్న 1974లో వచ్చారు. చదివింది ఎం.ఎస్సీ., చేసింది గోదాములో రాత్రి షిఫ్టు. ఎలా బతికారో మాకు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే “బాగానే గడిచింది” అనేవారు. పోయిన ఏడాది కన్నుమూశారు. ఆయన పెట్టెలో దొరికినవి నాజ్ థియేటరు టికెట్టు ముక్కలు పదకొండు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. హిందీ సరిగా రాని మనిషి పదకొండు హిందీ సినిమాలు ఎందుకు చూశారు? ఒంటరితనమా, ఎవరైనా స్నేహితుడు ఉండేవాడా? జెరార్డ్ వీధికి వెళ్లి ఆ భవనం ముందు నిలబడ్డాను. ఏ గొంతూ లేదు. మీ అమ్మగారి గొంతు రెండు నిమిషాలకు కుదించారని మీరు బాధపడుతున్నారు. నాకు రెండు నిమిషాలు దొరికినా చాలు, కృష్ణాతీరం గారూ.

కృష్ణాతీరం

మీ నాన్నగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను మొదట చెప్పవలసింది చెప్పకుండా అనువాదం గురించి రాశాను. అసలు సంగతి అది కాదు.

ఆ రెండు నిమిషాల్లో అమ్మ తన కథ చెప్పలేదు. మా పై అంతస్తులో ఉండే ఆవిడ గురించి చెప్పింది. భర్త కొట్టిన రాత్రులు ఆవిడ మెట్లు దిగి వచ్చి మా వంటింట్లో పడుకునేది. నాకు ఎనిమిదేళ్లు. తెల్లారి నేను లేచేసరికి చాప చుట్టి ఉండేది. అమ్మ ఏడ్చింది ఆవిడ కోసం. పేరు తీసేశామని వాళ్లు చెప్పారు. కానీ “పైన ఉండే భీమవరం ఆవిడ” అన్న మాట అలాగే ఉంచారు. మా వీధిలో భీమవరం వాళ్లు ఒక్క కుటుంబమే. మూడో రోజుకల్లా ఊరిలోని తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. ముప్పై ఏళ్ల స్నేహం. ఆవిడ ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అమ్మ ఆ రిసీవరు పెట్టేసింది తన గొంతు మార్చినందుకు కాదు. తానేం చేసిందో అప్పుడు అర్థమైంది.

కాబట్టి మీరు మీ నాన్నగారి తరాన్ని మాట్లాడించండి, వద్దనను. కానీ ఒకరి జ్ఞాపకంలో పదిమంది ఉంటారు. సంతకం పెట్టేది ఒక్కరే. మిగిలిన తొమ్మిదిమందిని ఎవరు అడుగుతారు?

బాటసారి

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా నలుగురిలో ఎవరమూ ఈ కోణం ఆలోచించలేదు. కథలో వచ్చే ప్రతి మనిషినీ వెతికి అడగాలంటే పదింట ఎనిమిది కథలు పోతాయి. అడగకపోతే మీకు జరిగిందే జరుగుతుంది. రేపు శనివారం మావాళ్లతో కూర్చుంటున్నాను. మీరు రాసింది చదివి వినిపించవచ్చా? మీ కలం పేరు తీసేసి.

ఒక్క ప్రశ్న, తప్పుగా అనుకోకండి. ఆ రికార్డు ఇప్పుడెక్కడ ఉంది? ఆ ఆవిడను ఎవరైనా ఏమైనా అడిగారా?

కృష్ణాతీరం

చదవండి. భీమవరం అన్న మాట కూడా తీసేయండి. ఇక్కడ రాసినందుకే ఇప్పుడు భయంగా ఉంది. ఈ వేదిక నిర్వాహకులు ఆ మాటను చెరిపేయగలిగితే నా టపాలోనూ చెరిపేయమని కోరుతున్నాను.

రికార్డు ఆ ప్రదర్శన చేసినవాళ్ల దగ్గరే ఉంది, తీసేయమని రెండుసార్లు ఉత్తరం రాశాం. ఆవిడను ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. ఆవిడ ఫోను నంబరు నా దగ్గర ఉంది.